మనోడున్న దవాఖాన

మా వాళ్ళలో ఎవరికైనా జబ్బు చేస్తే ముందు జబ్బేమిటని చూడరు. దవాఖానలో మనోడెవడున్నాడని చూస్తారు. మనోడంటే డాక్టరే కానక్కర్లేదు. కాంపౌండరైనా, లిఫ్టు నడిపేవాడైనా, గేటు దగ్గర కూర్చునేవాడైనా సరే, మన ఊరివాడో మన చుట్టమో అయితే చాలు. వాడు ముందు నడుస్తాడు, మనం వెనక నడవాలి. డాక్టరు చెప్పింది వాడు వింటాడు, వాడు చెప్పింది మనం వింటాం. మధ్యలో మనమే నోరు తెరిచి డాక్టర్ని ఏదైనా అడిగామా, మనోడి పరువు పోయినట్టే. "నేనున్నంక నువ్వెందుకు అడుగుతున్నవ్?" అని ముఖం మాడ్చుకుంటాడు.

మాకు మనోడు నా సొంత తమ్ముడే. అందుకే ఈ సంగతి ఇన్నేళ్ళయినా నాకు మింగుడుపడటం లేదు. బయటివాడు ద్రోహం చేస్తే నలుగురిలో పెట్టి తిడతాం, దుమ్మెత్తి పోస్తాం. తోడబుట్టినవాడు చేస్తే ఎవరికి చెప్పుకోవాలి? చెప్పుకున్నా, "పాపం, నీ మంచికే చేసిండు గదా" అంటారు. అలా అన్నవాళ్ళందరి మీదా నాకు కోపమే, ఇప్పటికీ.

మాది పోచంపల్లి వైపు నేతపని ఇల్లు. పెళ్ళయ్యాక నేనూ మా ఆయనా దిల్‌సుఖ్‌నగర్ వచ్చి, మెయిన్‌రోడ్డు వెనక సందులో చీరల దుకాణం పెట్టుకున్నాం. అమ్మ పోయాక తమ్ముణ్ణి నా దగ్గరికే తెచ్చుకున్నాను. నా చేతి అన్నం తిని డిగ్రీ చదివాడు. తరవాత ఎల్‌బీ నగర్ దగ్గర ఒక ప్రైవేటు దవాఖానలో కుదురుకున్నాడు. పేషంట్లను చేర్పించడం, గది చూపించడం, ఇంటివాళ్ళకూ డాక్టర్లకూ మధ్య మాట నడపడం వాడి ఉద్యోగం. మెడలో ట్యాగు, చేతిలో రెండు ఫోన్లు. ఊళ్ళో ఎవరికి కడుపునొప్పి వచ్చినా ఆ ఫోన్లలో ఒకటి మోగాల్సిందే. నాకు ఎంత గర్వమో! చీర విప్పి చూపిస్తూనే, "మా తమ్ముడు దవాఖానల ఉంటడమ్మా, ఏమన్న పని వడితే చెప్పుండ్రి" అని వచ్చిన ప్రతి మనిషికీ దండోరా వేసేదాన్ని.

అవి ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం సాగుతున్న రోజులు. ఇవాళ బంద్, రేపు రాస్తారోకో, ఎల్లుండి మళ్ళీ బంద్. షట్టరు సగం ఎత్తి, చెవులు రోడ్డు మీద పెట్టుకుని వ్యాపారం చేసేవాళ్ళం. నడిరోడ్డు మీద వంటావార్పు పెట్టినప్పుడు నేనూ ఇంట్లో ఉన్న పెద్ద గిన్నె మోసుకుపోయాను. బస్సులు తిరిగే చోట రాళ్ళ పొయ్యి పెట్టి పులిహోర కలిపాం. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ హమాలీలు తోపుడుబండి నిండా అరటిపండ్లు తోలుకొచ్చారు. మా తమ్ముడు డ్యూటీ దిగి నేరుగా అక్కడికే వచ్చి, మెడలో ట్యాగు తీసి జేబులో పెట్టుకుని, మైకు అందుకున్నాడు.

"మనల్ని అడిగిన్రా? అడగకుండనే కలిపిన్రు. మన నీళ్ళ గురించి, మన కొలువుల గురించి ఎవడో నిర్ణయం చేస్తడు, మనం తలకాయ ఊపాలె. మన గురించి మనల్నడగాలె గదా!"

జనం ఈలలు వేశారు. చేతికంటిన పసుపు అలాగే ఉండగా నేను అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాను. నా తమ్ముడు మరి.

ఆ చలికాలంలోనే ఒకరోజు స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ములో శనగగింజంత గట్టిగా ఏదో తగిలింది. నొప్పి లేదు. నొప్పి లేనిదాన్ని ఎవరు పట్టించుకుంటారు? కొన్నాళ్ళకు అది పెరిగినట్టు అనిపించి భయపడ్డాను. తమ్ముడికి చెప్పడానికి సిగ్గేసి మా ఆయనతో చెప్పించాను. వాడు మరునాడే దవాఖానకు తీసుకుపోయాడు. ఫోటోలు తీశారు, సూది గుచ్చి ముక్క తీశారు. క్యాన్సరని తేలింది. ఆ మాటను మాత్రం నా దగ్గర ఎవరూ దాచలేదు. ఆపరేషన్ చేసే పెద్ద సర్జనుగారే నన్ను ఎదురుగా కూర్చోబెట్టి చెప్పారు. నెరిసిన మీసం, నెమ్మదిగా మాట్లాడే మనిషి.

"తొందరగానే వచ్చారమ్మా, గడ్డ చిన్నదే. గడ్డ వరకే తీసి రొమ్మును ఉంచొచ్చా, మొత్తం తీయాలా అన్నది నేనొక్కణ్ణే తేల్చను. మా టీమంతా కూర్చుని మాట్లాడుకుంటాం. తరవాత మీకు చెప్తాం."

టీమేమిటో నాకు అర్థం కాలేదు. డాక్టరంటే ఒక్కడే అనుకునే బతుకు మాది. ఫలానా ఆయన హస్తవాసి మంచిదంటే ఆయన దగ్గరికి పోతాం, ఆయన చెయ్యి తగిలితే తగ్గుతుంది, అంతే. ఆ మాట నేను వదిలేశాను. 'గడ్డ వరకే' అన్న ముక్కను మాత్రం గట్టిగా పట్టుకున్నాను.

నాకప్పటికి నలభై రెండేళ్ళు. చీర కట్టుకున్నాక అద్దం ముందు ఒకసారి పక్కకు తిరిగి చూసుకోవడం నాకు అలవాటు. దాచడమెందుకు? చీరలమ్మేదాన్ని, నా ఒంటి మీద చీర ఎలా నిలుస్తుందో నాకు తెలుసు, చూసుకుని మురిసిపోయేదాన్ని. ఇద్దరు పిల్లలకు పాలిచ్చిన రొమ్ము అది. ప్రాణం మీదికొస్తే పోతే పోనీ అంటాను. ఉంచుకునే దారుంటే మాత్రం ఉంచుకోవాలి. ఇంతే నా కోరిక. ఈ మాట మా ఆయనతో కూడా అనలేకపోయాను. అన్నది ఒక్క తమ్ముడితోనే. దవాఖాన మెట్ల మీద వాడి చెయ్యి పట్టుకుని, వాడి ముఖంలోకి చూడకుండా అన్నాను.

"జర నువ్వే అడుగురా డాక్టర్‌ను. గడ్డ మటుకే తీస్తే సరిపోతదేమో. ఉంచెటట్టు ఉంటే ఉంచుమను."

వాడూ తల వంచుకునే, "సరే అక్కా, నేన్ చూస్కుంట. నువ్వు పరేషాన్ గాకు" అన్నాడు.

ఆ తరవాత ఒక సాయంత్రం దుకాణానికి వచ్చాడు. మా ఆయన అప్పుడు లేడు, సరుకు కోసం ఊరికి పోయాడు. వాడు స్టూలు మీద కూర్చుని, మంచినీళ్ళు తాగి చెప్పాడు.

"మీటింగ్ అయిందక్కా. అందరు ఒక్కటే మాట జెప్పిన్రు. మొత్తం తియ్యాల్నంట. వేరే తొవ్వ లేదంట."

"అందరూ అన్నరా?"

"అందరక్కా."

నా చేతిలో మడత పెడుతున్న చీర ఉంది. మడత తప్పింది, మళ్ళీ విప్పి మళ్ళీ పెట్టాను. ఇంటికి పోయి వంటగదిలో కుక్కరు పెట్టి, దాని కూత చాటున ఏడ్చాను. అంతమంది డాక్టర్లు ఒకే మాట అన్నాక నేనెవర్ని కాదనడానికి? పోనీలే, ప్రాణం ఉంటుంది, పిల్లల్ని చూసుకుంటాను అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఊరి నుంచి తిరిగొచ్చిన మరునాటి నుంచే మా ఆయన కూడా నాతో మాట తగ్గించాడు. బాధతో అనుకున్నాను.

దవాఖానలో చేరిన రోజు నా మంచం దగ్గరికి ఒకరి తరవాత ఒకరు వచ్చారు. మత్తు ఇచ్చే డాక్టరమ్మ వచ్చింది. ఆపరేషన్ తరవాత చెయ్యి ఎలా కదపాలో చెప్పే ఫిజియో పిల్ల వచ్చింది. ఏం తినాలో చెప్పే ఆమె వచ్చింది. అందరూ నన్నే చూసి అడిగేవారు. మంచం కాళ్ళ దగ్గర నిలబడి మా తమ్ముడు చెప్పేవాడు. "అక్కకు షుగర్ లేదు మేడమ్." "అక్కకు బీపీ లేదు మేడమ్." "అక్క అన్నీ తింటది మేడమ్." నాకు అదంతా గొప్పగానే ఉండేది. పక్క మంచం ముసలమ్మ, "నీకేందమ్మా, నీ మనిషే ఉన్నడు" అంటే, అవునని తలెగరేశాను.

సాయంత్రం ఒక సిస్టర్ వచ్చింది. నా వయసే ఉంటుంది. కృష్ణా జిల్లా వైపు మనిషని నోరు తెరవగానే తెలిసింది.

"ఆపరేషన్‌కి ముందు పేషంటుతో విడిగా మాట్లాడటం నా డ్యూటీ అండీ. మీ తమ్ముడుగారు కాసేపు బయట ఉంటే..."

వాడు దిగ్గున లేచాడు. "అంత నేన్ చెప్పిన సిస్టర్. ఊకె అక్కను పరేషాన్ చెయ్యకుండ్రి."

ఆమె వాణ్ణి చూడలేదు, నన్నే చూసింది. "మీరు చెప్పండమ్మా. మాట్లాడుకుందామా?"

"ఏమన్న ఉంటే మా తమ్మునికి చెప్పు సిస్టర్" అన్నాను.

ఆమె నా దుప్పటి సరిచేసి వెళ్ళిపోయింది. ఆమె గడప దాటాక వాడు నా చెవి దగ్గరికి వంగాడు. "గామె ఆంధ్రామె అక్కా. లేనిపోనియి జెప్పి భయపెడ్తది. మనోళ్ళు గాదు." ఆ రోజుల్లో ఆ ఒక్క మాట చాలు. ఇంకేం అడగక్కర్లేదు.

మరునాడు బంద్. ఆపరేషన్ ఆగిపోతుందేమో అనుకున్నాను. సర్జనుగారు ముందు రోజే వచ్చి దవాఖానలోనే పడుకున్నారట. మత్తు డాక్టరమ్మ రింగురోడ్డు దగ్గర కారు వదిలేసి నడిచి వచ్చిందట. ఆపరేషన్ చేసే చల్లటి గదిలోకి నన్ను తోసుకుపోయాక మనుషులెవర్నీ ఆనవాలు పట్టలేకపోయాను. అందరికీ మాస్కులు, అందరికీ ఆకుపచ్చ బట్టలు. డాక్టరమ్మ నా తల దగ్గర వంగి పేరు అడిగింది. చెప్పాను.

"ఈరోజు మీకేం ఆపరేషన్ చేస్తున్నామమ్మా? ఏ వైపు?"

"మా తమ్మున్ని అడుగుండ్రి మేడమ్."

మాస్కు వెనక నవ్వింది. "మీ తమ్ముడు ఇక్కడ లేరు కదా. ఈ గదిలో మీ మాటే చెల్లుతుంది. మీరే చెప్పాలి."

సర్జనుగారు, ఆయన పక్కన ఇంకో డాక్టరు, పరికరాలు సర్దుతున్న సిస్టర్, అందరూ చేతులు ఆపి నా వైపే చూశారు. నా బతుకులో అంతమంది పెద్ద చదువులవాళ్ళు నా మాట కోసం ఆగడం అదే మొదటిసారి.

"ఎడమ దిక్కు మేడమ్. మొత్తం తీస్తరంట."

"మీకు సమ్మతమేనా?"

"సమ్మతమే" అన్నాను.

నిద్ర లేచేసరికి ఛాతీ మీద కట్టు, చంకలోంచి ఒక గొట్టం, దాని కొసకు సీసా. నొప్పి సంగతి చెప్పను, అది అందరికీ తెలిసిందే. ఇంటికి వచ్చాక ఫిజియో పిల్ల నేర్పినట్టు గోడ మీద వేళ్ళను పైకి పాకించేదాన్ని. దుకాణంలో పై అరకు చెయ్యి అందేది కాదు. మా ఆయన వంట చేశాడు, సీసా కడిగాడు, జడ వేయడం కూడా నేర్చుకున్నాడు. కానీ పడుకునేటప్పుడు గోడవైపు తిరిగేవాడు. నేను కట్టు మార్చుకుంటుంటే లేచి బయటికి పోయేవాడు. రోతపడుతున్నాడనుకున్నాను. ఇన్నేళ్ళు కాపురం చేసి ఇదా నీ మనసు అని లోపల్లోపల కుమిలిపోయాను, పైకి ఒక్క మాట అనలేదు. అతనూ అనలేదు.

తరవాత మందులు ఎక్కించడం మొదలైంది. జుట్టు పోయింది. అంతలో సమ్మె వచ్చింది. బస్సులు డిపోల్లోనే నిలిచిపోయాయి, ఆఫీసులు మూతపడ్డాయి. మా తమ్ముడికి డ్యూటీ ఒకపక్క, సభలు ఒకపక్క, ఊపిరాడేది కాదు. "అక్కా, ఈసారి నువ్వే పోయిరా. నేన్ ఫోన్ చేసి చెప్త" అన్నాడు. అలా మొదటిసారి మనోడు లేకుండా, తలకు స్కార్ఫు కట్టుకుని, షేరింగ్ ఆటోలో ముగ్గురి మధ్య ఇరుక్కుని దవాఖానకు పోయాను.

ముందు నడిచేవాడు లేకపోయేసరికి నేనే అడగాల్సి వచ్చింది. అడిగితే, ఏమాశ్చర్యం, చెప్పారు! నాకు మందులు రాసేది సర్జను కాదట, దానికి వేరే డాక్టరున్నాడు, ఆయనే కూర్చోబెట్టి ఏ మందు ఎందుకో చెప్పాడు. నాలోంచి తీసిన ముక్కను పలచగా కోసి యంత్రం కింద పెట్టి చూసే డాక్టరు ఒకాయనున్నాడట, ఆయన్ను రోగులెవరూ చూడరట, అయినా ఆయన మాట రానిదే మిగతావాళ్ళు అడుగు వేయరట. మత్తు డాక్టరమ్మ సూది వేసి వెళ్ళిపోయిందనుకున్నానా, ఆపరేషన్ అయ్యేదాకా నా తల దగ్గరే కూర్చుని నా ఊపిరి చూస్తూ ఉందట. రేడియేషన్‌కు ఇంకో డాక్టరు. మా వాళ్ళు దాన్ని కరెంటు పెట్టడం అంటారు. నాకు ఆ అవసరం పడలేదు. సర్జనుగారు చెప్పిన టీమంటే ఇదన్నమాట అనుకున్నాను. ఒక చీర వెనక నూలు వడికేవాళ్ళు, రంగు అద్దేవాళ్ళు, పోగుల్ని వరసగా చుట్టి ఆసు పోసేవాళ్ళు ఎంతమందో ఉంటారని నేత ఇంట పుట్టిన నాకు తెలియదా? అయినా తట్టలేదు. నాకు ఒక్క ముఖమే కనిపించింది, అది మా తమ్ముడిది.

ఆ రోజే ఆ కృష్ణా జిల్లా సిస్టర్ కనిపించింది. జాకెట్టు లోపల పెట్టుకునే దూది మెత్తను కుట్టడం నేర్పిస్తానని డ్రెస్సింగ్ గదిలోకి తీసుకుపోయింది. కొలత చూస్తూ, మామూలుగా అన్నది.

"మీది గట్టి గుండె అండీ. గడ్డ వరకే తీసి ఉంచొచ్చని డాక్టర్లందరూ అన్నా, మీరే మొత్తం తీసేయమన్నారు కదా. చాలామంది ఉంచుకుందామనే చూస్తారు."

నాకు ముందు ఆమె ఇంకెవరి గురించో చెబుతోందనిపించింది.

"ఎవరన్నరు సిస్టర్?"

"మీరే అన్నారని మీ తమ్ముడుగారు..." ఆమె చేతులు ఆగిపోయాయి. "మీరు అనలేదా అమ్మా? ఆ రోజు నేను అడుగుదామని వచ్చింది అదే."

ఆ మెత్తను అక్కడే పడేసి సర్జనుగారి గది ముందు కూర్చున్నాను. లోపలికి పంపేదాకా కదలనన్నాను. పంపారు. నిలబడే అడిగాను. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"అవునమ్మా. టీమంతా రెండు దారులూ ఉన్నాయనే అనుకున్నాం. మీ ఇష్టం కనుక్కోమని మీ తమ్ముడికి చెప్పాం. మొత్తం తీసేయమని మీరే పట్టుబట్టారని వచ్చి చెప్పాడు. మావాడే కదా, మావాడు చెబితే మీరు చెప్పినట్టే అనుకున్నాం. సిస్టర్ మాట్లాడకుండా తిరిగొచ్చినప్పుడైనా నేను మీ దగ్గరికి రావాల్సింది. అది నా తప్పే."

"ప్రాణానికి ఏమన్న తేడా ఉండెనా సార్?"

"లేదమ్మా. మీ విషయంలో రెండూ దాదాపు ఒకటే" అన్నారు.

తప్పు ఒప్పుకున్నాడు, పెద్దమనిషే. ఒప్పుకుంటే నా రొమ్ము తిరిగొస్తుందా? మాకు వాడు మనోడు, వాళ్ళకు వాడు మావాడు. అటు పదిమంది డాక్టర్లున్నారు, ఇటు నేనున్నాను, మధ్యలో వాడొక్కడు నిలబడి అటు మాట ఇటు రానీయలేదు, ఇటు మాట అటు పోనీయలేదు. ఆ చల్లటి గదిలో అంతమందీ చేతులు ఆపి నన్నే అడిగారు. నేను చెప్పాను కూడా. నా నోట్లోంచి వచ్చింది వాడి మాట. ఇది తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండిపోతుంది.

ఆ సాయంత్రం వాణ్ణి ఇంటికి పిలిపించాను. మా ఆయన అక్కడే ఉన్నాడు.

"మీటింగ్ల ఏమన్నరురా?" అన్నాను.

"గదంత ఇప్పుడెందుకక్కా? బాగైనవ్ గద."

"ఏమన్నరురా?"

వాడు గోడవైపు చూశాడు. "రెండు తొవ్వలు జెప్పిన్రు. గడ్డ ఒక్కటి తీస్తే, తర్వాత వారాలకు వారాలు దినాం కరెంటు పెట్టించుకోవాలె. దినాం బందులు, దినాం రాస్తారోకోలు. ఎట్ల తీస్కపోవాలె నిన్ను? మొత్తం తీస్తే ఒక్కసారే కథ ఒడుస్తది అనుకున్న. నీ పాణం దక్కాల్ననే చేసిన అక్కా."

"ఉంచెటట్టుంటే ఉంచుమని నీకు చెప్పిన గదరా. మెట్ల మీద, నీ చెయ్యి వట్టుకొని చెప్పిన."

"పిల్లలు పెద్దగైన్రక్కా" అన్నాడు. "ఈ వయసుల గది ఉంటేంది, లేకుంటేంది?"

చెంప మీద కొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు. నేను ఏదో అనేలోపే మా ఆయన లేచాడు. "ఉంచుడు ఆమెనే వద్దన్నదని నాకు జెప్పినవ్ గదరా? బావ ఈ ముచ్చట నాతోని తియ్యనే వద్దని అక్క అన్నదని గూడ జెప్పినవ్." నా వైపు తిరిగాడు. "నన్నొక్క మాట గూడ అడగకుండ ఎట్ల తీపిచ్చుకున్నదని... ఇన్ని దినాలు నేను..." అతను గోడవైపు ఎందుకు తిరిగి పడుకునేవాడో నాకప్పుడు అర్థమైంది. ఒక్క అబద్ధంతో ఒక మంచం మీది ఇద్దర్ని రెండు దిక్కులకు తిప్పి పడుకోబెట్టాడు మహానుభావుడు.

"దుకాణంల రవిక గుడ్డ ఉంటది" అన్నాను వాడితో. "చీర కొసకే నేసి ఉంటది. కొనేటామెను అడగకుండ ఎన్నడన్న కోసిన్నా నేను? కత్తెర చేతుల వట్టుకొని, 'కోసియ్యాల్నా అమ్మా, అట్లనే ఉంచాల్నా' అని అడుగుత. గజం గుడ్డకు అడుగుత. నన్ను అడగబుద్ధి కాలేదురా నీకు?"

వాడు కళ్ళు తుడుచుకున్నాడు, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. పోయి ఏం చేశాడో తెలుసా? ఊళ్ళో అందరికీ, "మందులు పడక అక్కకు కోపం ఎక్కువైంది, జర ఆమె మాటలు పట్టించుకోకుండ్రి" అని చెప్పాడు. నేను ఎవరికి చెప్పుకోబోయినా వాళ్ళు నా తల మీది స్కార్ఫు చూసి జాలిగా "అవునమ్మా" అనేవారు. చుట్టాలు, ఊరివాళ్ళు ఇప్పటికీ రోగమొస్తే వాడికే ఫోను చేస్తారు. వాడే ముందు నడుస్తాడు.

మా ఆయన ఆ సాయంత్రం నుంచి గోడవైపు తిరగడం మానేశాడు. మచ్చ చూపించమని తనే అడిగాడు. అడిగాడు, అది ముఖ్యం. చూపించాను.

జుట్టు మళ్ళీ వచ్చింది, చెయ్యి పై అరకు అందింది. రాకపోకలు మానలేదు మేము. అక్కాతమ్ముళ్ళం, ఎలా మానతాం? రాఖీ కట్టాను, వాడి గృహప్రవేశానికి బడంగ్‌పేట్ పోయి పాలు పొంగించాను. వాడు నవ్వితే నవ్వాను. ఒక్కసారి, "అక్కా, అడగకపోవుడు తప్పయింది" అంటాడేమోనని చూస్తూనే ఉన్నాను. వాడి దృష్టిలో అదసలు తప్పయితే కదా.

రాష్ట్రం వచ్చిన రోజు సాయంత్రం మా సందంతా పటాకుల పొగ. మెయిన్‌రోడ్డు మీద జనం బోనాలప్పుడు ఆడినట్టు ఆడుతున్నారు. నాకూ సంతోషమే, గిన్నె మోసినదాన్ని, ఎందుకుండదు? మా తమ్ముడు ఒంటి నిండా రంగుతో, చేతిలో మిఠాయి డబ్బాతో వచ్చి నన్ను కావలించుకున్నాడు. గొంతు బొంగురుపోయి ఉంది.

"వచ్చింది అక్కా! ఇగ మన గురించి ఎవ్వడు నిర్ణయం చెయ్యడు. మనల్నే అడగాలె!"

"ఇంకోసారి అనురా" అన్నాను.

వాడు ఇంకా గట్టిగా అన్నాడు. సందులోవాళ్ళు కూడా ఈల వేశారు. వాడి ముఖంలో ఏమైనా కదులుతుందేమోనని చూశాను. ఏమీ లేదు, సంతోషమే ఉంది. డబ్బా మూత తీసి, ఒక లడ్డూ పట్టుకుని, నా తల మీదుగా మా ఆయన వైపు చూశాడు.

"బావా, అక్కకు షుగర్ లేదు గద? పెట్టొచ్చునా?"

"నన్నెందుకు అడుగుతున్నవ్?" అన్నాడు మా ఆయన. "ఆమె నీ ముందటనే ఉన్నది. ఆమెనడుగు."

వాడు పకపకా నవ్వాడు. "అక్కనడిగేదేంది బావా!" అంటూ లడ్డూ విరిచి నా నోటి దగ్గర పెట్టాడు.

నేను నోరు తెరవలేదు.